ఊనో తుర్హపురో కామడోర్ 64 గేము క్యాసెట్ దొరికింది, ఎలా ఆడాలి?

పాత సామాన్ల అంగడిలో 'ఊనో తుర్హపురో మూత్తా మాల్లే' గేము క్యాసెట్, కామడోర్ 64 అనే పాత ఇంటి కంప్యూటర్, దానికి క్యాసెట్లు చదివిపెట్టే డేటాసెట్ అనే టేపు ప్లేయర్ దొరికాయన్నారు. వెంటనే పెట్టి ఆడొచ్చా అని అడిగారు. వద్దండి. ముందు టేపులో ఉన్న సిగ్నల్‌ని మీ కంప్యూటర్‌లోకి దించుకోండి, ఆట సంగతి తర్వాత. ఎరె కొక్కొనెన్ తీసిన ఇదే పేరున్న ఫిన్లాండ్ హాస్య చిత్రం 1986లో వచ్చింది, అదే ఏడాది ఆమెర్‌సాఫ్ట్ ఈ గేముని అమ్మకానికి పెట్టింది. ఫిన్లాండ్ సినిమా ఆధారంగా వచ్చిన తొలి గేముగా దీనికి పేరుంది. అలాంటి టేపుని అరిగిన మెషీన్ నమిలేస్తే మళ్లీ దొరకడం కష్టం.

క్యాసెట్ కింది అంచున, మధ్యలో చిన్న ఫెల్ట్ ముక్క ఉంటుంది. టేపుని హెడ్‌కి, అంటే డెక్‌లో టేపుని చదివే భాగానికి, ఒత్తిపట్టేది అదే. దాని జిగురు ఎండి ఊడిపోయి ఉంటే శబ్దం మసకబారుతుంది. అప్పుడు స్క్రూలున్న మరో క్యాసెట్ డొల్లలోకి టేపుని మార్చుకోవాలి. ఫెల్ట్ బాగుంటే మంచి డెక్‌లో ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి చుట్టండి. ఏళ్ల తరబడి కదలని పొరలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, ముందే విడదీయకపోతే ప్లే మధ్యలో వేగం తప్పుతుంది.

రికార్డింగ్‌కి డేటాసెట్ అక్కర్లేదు, మామూలు స్టీరియో డెక్ చాలు. హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడిచి ఆరనివ్వండి. డెక్‌లో నాయిస్ తగ్గించే డాల్బీ ఉంటే ఆపేయండి. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ వేవ్ ఫైలుగా రెండు వైపులా రికార్డు చేయండి. ఎంపీ3 పనికిరాదు, నాయిస్ తగ్గించే ఫిల్టర్లూ వద్దు. లెవెల్ ఎర్రగీత తాకకూడదు. ఎడమ, కుడి చానళ్లను కలపకండి, బాగున్నది ఒకటే ఉంచండి. హెడ్ కాస్త వంకరగా ఉన్నా రెండు చానళ్ల మధ్య కాలం తేడా వస్తుంది. కలిపితే పై పౌనఃపున్యాలు ఒకదాన్నొకటి చంపేస్తాయి, డేటా చదవడం కష్టమవుతుంది.

తర్వాత ఆ వేవ్‌ని ఆడియోట్యాప్ లాంటి ప్రోగ్రాంతో ట్యాప్ ఫైలుగా (టేపులోని పల్సుల నిడివులు రాసిపెట్టే ఫైలు) మార్చి, ట్యాప్‌క్లీన్ అనే ప్రోగ్రాంతో చెక్‌సమ్‌లు, అంటే డేటా చెడలేదని తేల్చే అంకెలు, చూసుకోండి. కామడోర్ సొంత పద్ధతిలో మూడు రకాల పల్సులుంటాయి, ట్యాప్ ఫైల్లో వాటి విలువలు దాదాపు 48, 66, 86. ఈ మూడు గుంపులూ విడివిడిగా కనబడితే రికార్డింగ్ బాగున్నట్టే. ఒకదాన్లో ఒకటి కలిసిపోతే చాలాసార్లు దోషం హెడ్ వంపుదో, తరంగం తలకిందులవడానిదో. రెండోదైతే వేవ్‌ని ఇన్వర్ట్ చేసి మళ్లీ మార్చండి. కామడోర్ మామూలు పద్ధతిలో ప్రతి భాగమూ టేపు మీద రెండుసార్లు ఉంటుంది కాబట్టి చిన్న తప్పులు సర్దుకుంటాయి. గేముల్ని త్వరగా ఎక్కించే టర్బో లోడర్ల పద్ధతిలో సాధారణంగా ఒక్కసారే ఉంటుంది, ఒక్క పల్సు పోయినా అంతే.

ట్యాప్ ఫైలుని వైస్ ఎమ్యులేటర్‌లో (మీ కంప్యూటర్‌లో కామడోర్‌లా పనిచేసే ప్రోగ్రాం), మోడల్‌ని పాల్ (PAL, యూరప్ టీవీ పద్ధతి)లో ఉంచి ఆటోస్టార్ట్ చేయండి. అమెరికా టీవీ పద్ధతైన ఎన్‌టీఎస్‌సీలో పెడితే తెర 50 బదులు సెకనుకి 60 సార్లు మారుతుంది, తెర లెక్కన నడిచే ఆటలు పరుగులు పెడతాయి. జాయ్‌స్టిక్ పలక్కపోతే పోర్టు 2 నుంచి 1కి మార్చి చూడండి.

ఇక అసలు మెషీన్. అన్నిటికన్నా ప్రమాదం పవర్ సప్లైతోనే. లోపల ఎపాక్సీ అనే గట్టి జిగురు పోసిన, ఇటుకలాంటి ఆ నల్ల పెట్టె పాడైతే 5 వోల్టుల లైను పైకి ఎగబాకి ర్యామ్ చిప్పులని కాల్చేస్తుంది. మల్టీమీటర్‌తో కొలిచి, 5.25 దాటితే మెషీన్‌కి తగిలించకండి. కొలిచినప్పుడు సరిగ్గా ఉన్నా వేడెక్కాక పెరగొచ్చు, అందుకే కొత్త సప్లై కొనడమే మంచిదని నా సలహా. ఇండియాకి తెచ్చుకున్నా ఇబ్బంది లేదు, ఇక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్జ్, పాల్ టీవీలే.

డేటాసెట్‌లో బెల్టు సాగిపోయిందేమో చూడండి, సాగితే మార్చాలి. తర్వాత షిఫ్ట్ పట్టుకుని రన్ స్టాప్ నొక్కి, అడిగినప్పుడు ప్లే నొక్కండి. తెర ఖాళీ అయితే కంగారు పడొద్దు. వీడియో చిప్పు ప్రాసెసర్ సమయం లాక్కుంటే పల్సుల కొలత తప్పుతుంది, అందుకే కామడోర్ కావాలనే తెర ఆపేస్తుంది. పేరు దొరికిందని చూపాక కామడోర్ కీ నొక్కితే ముందుకెళ్తుంది.

లోడ్ ఎర్రర్ వస్తే హెడ్ స్క్రూ సంగతి చూడాలి. మూత మీద చిన్న రంధ్రం ఉంటుంది, ప్లే నొక్కినప్పుడు స్క్రూ దాని కిందికి వస్తుంది. ముందున్న స్థానం గుర్తు పెట్టుకుని, అయస్కాంతం లేని స్క్రూడ్రైవర్‌తో కొద్దికొద్దిగా తిప్పండి, పావు చుట్టు దాటొద్దు. ఈ సర్దుబాటంతా అసలు క్యాసెట్‌తో చేయకండి. సరిచూసిన ట్యాప్ ఫైలు నుంచి మళ్లీ వేవ్ చేసి, కొత్త ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి దాంతోనే ప్రయత్నించండి. టైప్ 1 అనే మామూలు రకం టేపు తీసుకోండి, క్రోమ్ (టైప్ 2) రకం వద్దు, డేటాసెట్ దానికోసం చేసింది కాదు.