పాత కిట్ డెకాల్స్ పసుపెక్కితే

అన్నా, 1960ల నాటి ఏఎంటీ కంపెనీ ఎంటర్‌ప్రైజ్ (స్టార్ ట్రెక్ సీరియల్లోని అంతరిక్ష నౌక) మోడల్ కిట్‌లో డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి మోడల్ మీద అంటించే బొమ్మలు) పసుపెక్కాయి, నీళ్లలో వేస్తే ముక్కలవుతాయేమో అన్నారు కదా. తొందరపడి వెయ్యబాకండి. షీటును జిప్ కవర్లో పెట్టి, సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి, బొమ్మ వైపు ఎండకు ఉండేలా కిటికీ అద్దానికి టేపుతో అంటించండి. మన నెల్లూరు ఎండకు వారం పది రోజుల్లో పసుపు చాలావరకు విరుగుతుంది. ఎరుపు వెలుస్తోందేమో రోజూ ఓ చూపు చూడండి.

తర్వాత డెకాల్స్ ముక్కలవకుండా క్లియర్ లాకర్ (రంగులేని వార్నిష్ లాంటిది) స్ప్రే పల్చగా రెండు పూతలు, మధ్యలో అరగంట, ఆపైన రాత్రంతా ఆరాలి. ఉక్కపోత రోజున కొట్టొద్దు, పొర తెల్లబడుతుంది. పూత షీటంతా ఒకే పొరగా పట్టేస్తుంది కాబట్టి ఒక్కో బొమ్మనూ అంచు వెంట కత్తిరించాలి. ముందు అక్కర్లేని అంకె ఒకటి గోరువెచ్చని నీళ్లలో వేసి చూడండి. పగిలితే ఇంకో పూత.