లయన్స్, రోటరీ లాంటి క్లబ్బుల్లో చేరితే నిజంగా సేవ ఉంటుందా, ఫోటోలూ భోజనాలేనా?

భోజనాలూ ఉంటాయి, సేవా ఉంటుంది. ఇంకో మాట కూడా చెప్తాను, నచ్చకపోతే తిట్టుకోండి: భోజనాలు లేని క్లబ్బులో సేవ కూడా ఎక్కువకాలం నడవదు.

శ్రీకాకుళంలో కొత్తగా మెడికల్ షాపు పెట్టాననీ, తెలిసిన పెద్దాయన ఒకరు క్లబ్బులో చేరమని వెంటపడుతున్నారనీ, ఇంట్లోవాళ్ళేమో అదంతా ఫోటోల పిచ్చి, డబ్బు దండగ అంటున్నారనీ రాశారు కదా. ఇంట్లోవాళ్ళు అన్నదాంట్లో సగం నిజమే. ఆ సగం నాకు బాగా తెలుసు, ఎందుకంటే నాది ఫ్లెక్సీలు వేసే షాపు. సభ్యుడిని కాకముందు నుంచే ఈ క్లబ్బులవాళ్ళ ఫ్లెక్సీలన్నీ నా మిషన్ మీదే దిగేవి. జూలై వచ్చిందంటే ఇన్‌స్టలేషన్లు, అంటే కొత్త ప్రెసిడెంటు, సెక్రటరీ, ట్రెజరర్ల ప్రమాణ స్వీకారం. వీళ్ళ ముగ్గురినీ కలిపి పి.ఎస్.టి. అంటారు. ఆ ఫ్లెక్సీ మీద పేరు ముందు ‘లయన్’ లేదా ‘రొటేరియన్’ ఉండాలి, పేరు వెనక ఎం.జె.ఎఫ్. అనో పి.హెచ్.ఎఫ్. అనో ఉండాలి. అవేవో డిగ్రీలనుకునేవాడిని. కాదు, మెల్విన్ జోన్స్ ఫెలో, పాల్ హారిస్ ఫెలో. వాళ్ళ అంతర్జాతీయ ఫౌండేషన్‌కి 1000 డాలర్లు చేరితే వచ్చే గుర్తింపు, మన డబ్బుల్లో ఎనభై వేలు దాటిన మాటే. ఆ మూడక్షరాలు పడకపోతే రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి ఫ్లెక్సీ మళ్ళీ వేయించుకున్నవాళ్ళున్నారు. మళ్ళీ వేసినదానికి డబ్బులు ఇచ్చారా అని మాత్రం అడక్కండి.

ఫోటోల సంగతీ అంతే. ఒక నోటుపుస్తకం, దాన్ని పట్టుకున్న తొమ్మిది చేతులు, మధ్యలో ఎటు చూడాలో తెలియని పిల్లాడు. సాయంత్రం అయిదు లోపల ప్రెస్ నోటు వాట్సాప్‌లో విలేకరికి వెళ్ళిపోవాలి, లేకపోతే జిల్లా ఎడిషన్లో రాదు. వచ్చినా రెండు ముక్కల వార్త, పైన ‘మానవ సేవే మాధవ సేవ’ అని హెడ్డింగు. మర్నాడు పొద్దున్న ఆ కటింగు గ్రూపులో పడితే మధ్యాహ్నం దాకా దండాల బొమ్మలూ పూలగుత్తులూ ఆగవు.

ఇదంతా తెలిసి కూడా చేరాను. ఎందుకో చెప్పేముందు కాస్త పాత సంగతి.

రోటరీ 1905లో చికాగోలో పుట్టింది. పాల్ హారిస్ అనే లాయరు, ఒక బొగ్గుల వ్యాపారి, ఒక మైనింగ్ ఇంజినీరు, ఒక టైలరు, ఈ నలుగురే మొదట. పెద్ద ఊళ్ళో నా అనేవాళ్ళు లేక స్నేహం కోసం ఒకళ్ళ ఆఫీసులో ఒకసారి, ఇంకొకళ్ళ ఆఫీసులో ఒకసారి వంతులవారీగా కలిసేవారు, ఆ తిరగడం వల్లే ఆ పేరు. సేవ ఆ తర్వాత మొదలైంది, అది కూడా ఊరికి పబ్లిక్ మరుగుదొడ్లు కట్టించే పనితో. లయన్స్ కథా అంతే. మెల్విన్ జోన్స్ ఇన్సూరెన్స్ వ్యాపారి, వాళ్ళది మధ్యాహ్నం కలిసి భోంచేసి ఒకరికొకరు బేరాలు ఇచ్చుకునే వ్యాపారుల క్లబ్బు. ఇంత పలుకుబడి ఉన్నవాళ్ళం ఊరికేమైనా చెయ్యొచ్చు కదా అని ఆయన అనడంతో 1917లో లయన్స్ వచ్చింది. సభ్యుల ఆర్థిక లాభం క్లబ్బు ఉద్దేశం కాకూడదని ఆ ఏడాదే రాసుకున్నారు. అంటే రెండూ కలిసి కూర్చోవడం దగ్గరే మొదలయ్యాయి. మనవాళ్ళు భోజనాల క్లబ్బు అని వెక్కిరిస్తే నాకు పెద్దగా కోపం రాకపోవడానికి కారణం ఇదే.

మీటింగుల్లో ఏం జరుగుతుందంటే, రోటరీలో వారం వారం కలవడం ఆనవాయితీ, లయన్స్‌లో మామూలుగా నెలకి రెండుసార్లు. గంట కొట్టి మొదలుపెడతారు, కిందటి మీటింగు మినిట్స్ చదువుతారు, ఎవరూ వినరు. లయన్స్‌లో టెయిల్ ట్విస్టర్ అని ఒక పదవి ఉంది, ఆయన పనల్లా ఫైన్లు వెయ్యడం. ఫోన్ మోగితే ఫైను, ఆలస్యంగా వస్తే ఫైను, పేపర్లో ఫోటో పడితే ఫైను, పడకపోయినా ఫైను. పెళ్ళిరోజని చెప్పకుండా దాచినందుకు ఒక డాక్టరుగారికి వేశారు, పక్కనే కూర్చున్న వాళ్ళావిడ ఫైను రెట్టింపు చెయ్యమన్నారు. తర్వాత భోజనం. ఫ్యామిలీ మీట్ అయితే పిల్లల పాటలు, తంబోలా, కార్తీకమాసంలో వనభోజనాలు. ఆడవాళ్ళకి సభ్యత్వం 1980ల చివర్లోనే ఇచ్చినా మన జిల్లాల్లో ఇంకా చాలామంది ‘మెంబరుగారి మిసెస్’గానే వస్తారు. నాకు నచ్చని విషయాల్లో ఇదొకటి. క్యాంపు రోజున పని చేసేదేమో వాళ్ళే.

ఇక ఈ కబుర్ల వల్ల ఒరిగేదేమిటంటే, తిత్లీ తుపాను గుర్తుందా మీకు? 2018 అక్టోబరు 11, దసరా నవరాత్రులు అప్పుడే మొదలయ్యాయి. తెల్లవారుజామున పలాస, వజ్రపుకొత్తూరు వైపు తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం, కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి, రోడ్డుకి అడ్డంగా చెట్లు. బియ్యం, పాత బట్టలు పంపుతామని ఊరూరి నుంచీ ఫోన్లు వచ్చాయి. అక్కడ మొదట కావాల్సినవి అవి కాదు. ఊళ్ళో ట్యాంకు ఉంది, బోరు ఉంది, కరెంటు లేదు, కాబట్టి నీళ్ళు లేవు. కావాల్సింది జనరేటరు. ఆ తర్వాత చెట్లు కోసే మిషను, టార్పాలిన్లు, కొవ్వొత్తులు.

మా క్లబ్బులో టెంట్ హౌస్ ఆయన ఉన్నారు, జనరేటరు ఆయనది. దసరా పందిళ్ళకి బుక్ అయి ఉన్నదాన్ని విప్పించేశారు. సామిల్లు ఆయన రంపం మిషను, దాన్ని నడిపే మనిషి. హార్డ్‌వేర్ షాపాయన టార్పాలిన్లు కొన్న ధరకే ఇచ్చారు. వ్యాను బేకరీవాళ్ళది, లోపల ఇంకా రస్కుల వాసన. ఒక ఊళ్ళో కొన్ని గంటలు జనరేటరు పెట్టి ట్యాంకు నింపడం, విప్పి పక్క ఊరికి తీసుకెళ్ళడం, ఇదే పని. దీనికి తీర్మానం లేదు, మినిట్స్ లేవు. ఒక సాయంత్రం ఫోన్ల మీదే అంతా కుదిరిపోయింది, ఎందుకంటే ఎవరి దగ్గర ఏముందో, ఎవరు కాదనరో, ఎవరిని భార్య చేత అడిగించాలో అందరికీ తెలుసు. ఆ తెలియడం తంబోలాలోనూ వనభోజనాల్లోనూ వచ్చిందే. ప్రభుత్వం చేసినదాని ముందు మాది చాలా చిన్నది, దాన్ని పెద్దగా చెప్పుకోను. కానీ ఆ రాత్రి నీళ్ళు పట్టుకున్నవాళ్ళకి అది చిన్నది కాదు.

కంటి క్యాంపు గురించి కూడా చెప్పాలి, మీది మెడికల్ షాపు కాబట్టి ఎక్కువ పనికొచ్చేది మీరు ఇక్కడే. లయన్స్‌కి కంటి సేవ 1925 నుంచీ ఉంది, చూపూ వినికిడీ లేని అమెరికన్ రచయిత్రి హెలెన్ కెల్లర్ వాళ్ళ మహాసభకి వచ్చి అంధుల పక్షాన నిలబడమని అడిగిన దగ్గర్నుంచి. ఆమదాలవలస అవతల ఒక ఊరి హైస్కూల్లో పెట్టాం ఒకసారి. ఫ్లెక్సీ నాదే, దాని ముందు నిలబడి ఫోటో దిగినవాళ్ళు పది గంటలకల్లా వెళ్ళిపోయారు. మిగిలింది ఆసుపత్రివాళ్ళు, మేము కొద్దిమంది, బెంచీల మీద ముసలివాళ్ళు. చుక్కల మందు వేసి కళ్ళు మూసుకు కూర్చోమంటే పక్కవాళ్ళతో కబుర్లు చెప్పడానికి తెరిచేస్తారు. బీపీ, షుగర్ చూసి, ఎక్కువ ఉన్నవాళ్ళని మందులు వాడి తర్వాత రమ్మంటారు. శుక్లం ముదిరి రెండో కన్ను కూడా మసకబారిన ఒక మామ్మ, పేరు రాసుకుని బస్సెక్కమంటే కదలదు.

“నానొచ్చీస్తే మేకనెవులు సూస్తారు బావూ? నేడో రేపో ఈనీసేలాగుంది.”

డాక్టరు ఆపరేషన్ నొప్పి ఉండదని చెప్తున్నారు, ఆవిడ భయం అది కాదు కదా. మా ట్రెజరర్ వాళ్ళావిడ ఎదురింటి కోడలిని పిలిపించి, మేకని వాళ్ళ పెరట్లో కట్టించి, మామ్మ కళ్ళముందే తాడు ముడి వేయించారు. అప్పుడు ఎక్కింది బస్సు. ప్రెస్ నోటులో ఎంతమందిని పరీక్షించారో ఉంటుంది, ఈ మేక ఉండదు. క్యాంపులో ఎంపికయ్యి బస్సెక్కనివాళ్ళు ప్రతిసారీ ఉంటారు, వాళ్ళని ఎక్కించడమే క్లబ్బు పని, పరీక్ష చెయ్యడం ఆసుపత్రి పని. ఆపరేషన్ తర్వాత కూడా అంతే, వారాల తరబడి చుక్కలు వేసుకోవాలి, తలస్నానం చెయ్యకూడదు, మళ్ళీ చూపించుకోవాలి. ఏ సీసా రోజుకి ఎన్నిసార్లో పెద్ద అక్షరాలతో రాసిచ్చే మనిషి దొరికితే సగం సమస్య తీరినట్టే. మీరు చేరితే ఆ పని అడిగి మరీ తీసుకోండి.

రక్తదానం విషయంలో మాత్రం మా క్లబ్బుతో సహా అందరి మీదా నాకు ఫిర్యాదే. ఆగస్టు 15, అక్టోబరు 2, లేకపోతే ఏదో నాయకుడి పుట్టినరోజు, అందరూ అదే రోజు క్యాంపు పెడతారు. ఎర్ర కణాలు 35 నుంచి 42 రోజులు, ప్లేట్‌లెట్లు 5 రోజులు, అంతకుమించి నిలవ ఉండవు. ఒకసారి ఇచ్చిన మగవాళ్ళు మూడు నెలలు, ఆడవాళ్ళు నాలుగు నెలలు ఆగాలి. అందరూ ఒకే రోజు ఇచ్చేసి, కాలేజీలకి సెలవులిచ్చే ఏప్రిల్, మే నెలల్లో ఎవరూ లేకపోతే, తరచూ రక్తం ఎక్కించాల్సిన తలసీమియా పిల్లల తల్లిదండ్రులు ఎవరి గడప తొక్కాలి? మే నెలలో చిన్న క్యాంపు పెడదామంటే ‘ఎండలు బావూ, గెస్టులు రారు’ అంటారు. గెస్టులు రాకపోతేనేం, దాతలు వస్తే చాలు కదా!

గొడవలూ ఉంటాయి. స్టేజీ మీద కుర్చీ ఎవరి పక్కన, డిస్ట్రిక్ట్ గవర్నరుగారి (రాష్ట్ర గవర్నరు కాదు, ఒక ప్రాంతంలోని క్లబ్బులన్నిటికీ పెద్ద) విజిట్‌లో శాలువా ఎవరు కప్పాలి, వచ్చే ఏడాది ప్రెసిడెంటు ఎవరు, వీటి మీద క్లబ్బులు రెండుగా చీలిన సందర్భాలు ఏ ఊళ్ళోనైనా వింటాం. వ్యాపారం పెరుగుతుందని చేరితే నిరాశ పడతారు. పరిచయాలు పెరుగుతాయి, అరువు బేరాలు ఇంకా బాగా పెరుగుతాయి. ఇది ఫ్లెక్సీలవాడి అనుభవం, మందుల షాపుకి ఇంకా ఎక్కువే వర్తిస్తుంది.

డబ్బు సంగతి అడిగారు. చందాలో ఒక భాగం అంతర్జాతీయ సంస్థకి డాలర్ల లెక్కన వెళ్తుంది, ఒక భాగం డిస్ట్రిక్ట్‌కి, మిగిలింది మీటింగులకీ భోజనాలకీ. డాలరు మారితే అదీ మారుతుంది కాబట్టి అంకె ట్రెజరర్నే అడగండి. ఆయన్ని ఇంకో ప్రశ్న కూడా అడగాలి: పరిపాలన ఖాతా, సేవా ఖాతా వేరువేరుగా ఉన్నాయా అని. సేవ పేరు చెప్పి జనం దగ్గర వసూలు చేసింది సేవకే పోవాలి, భోజనాలు సభ్యుల చందాలోంచే రావాలి, ఇది లయన్స్‌లో నియమం. అడిగితే పాస్‌బుక్కులు చూపించే క్లబ్బయితే ధైర్యంగా చేరండి. ‘మనలో మనకెందుకండీ లెక్కలు’ అన్నారంటే కాఫీ తాగి వచ్చేయండి.

ఈ క్లబ్బుల్లో ఆహ్వానం మీదే సభ్యత్వం, కాబట్టి మిమ్మల్ని పిలిచిన పెద్దాయనకి వెంటనే ఔననక్కర్లేదు, గెస్టుగా కొన్ని మీటింగులకి వస్తానని చెప్పండి. ఒక క్యాంపుకి కూడా వెళ్ళండి, ఫోటో అయ్యాక ఎవరు మిగులుతున్నారో చూడండి. ఆయన ఇప్పుడే ఫారం మీద సంతకం పెట్టమని తొందర చేస్తుంటే ముందు క్యాలెండరు చూసుకోండి. వాళ్ళ ఏడాది జూన్ 30తో అయిపోతుంది, ఆలోపు మెంబర్ల లెక్క పెంచి చూపించాలనే టెన్షన్ పి.ఎస్.టి.కి ఉంటుంది, అలా జూన్‌లో లాగినవాళ్ళలో చాలామంది దసరాకల్లా కనిపించరు. జూలైలో కొత్త టీమ్ వచ్చాక చేరతానంటే ఎవరూ ఏమీ అనుకోరు, కొత్త ఏడాది చందాతోనే మొదలవుతుంది కాబట్టి లెక్కా సులువు.