కొనే ముందు ఒక వానకాలం ఉండి చూడు

చిరంజీవి చిన్నాకు,

అత్తయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ ఆవిడ పుట్టింటి ఊరి పక్కన, పొలాల అంచున, మెరాపి అగ్నిపర్వతం కనిపించే స్థలం బేరానికి వచ్చిందని, వచ్చే నెలలో సింగపూర్ నుంచి వచ్చి బయానా ఇచ్చేస్తానని రాశావు. ఇప్పుడే ఇవ్వకు. నాకు తెలిసినవన్నీ ఇందులో రాస్తున్నాను, అమ్మాయికి కూడా చదివి వినిపించు.

మీ మామయ్య స్పిన్నింగ్ మిల్లు ఉద్యోగం కోసం 2001లో ఇండోనేషియాలోని జావా దీవికి, సోలో నగరం దగ్గరికి వచ్చాం. 2004 నుంచి క్లాతెన్ జిల్లాలో ఈ ఊళ్లోనే ఉంటున్నాం. ఇన్నేళ్లయినా ఇక్కడ ఒక్క గజం నేల మా పేరు మీద లేదు. నోటరీ దగ్గర రాయించుకున్న అద్దె కాగితంతోనే కాలం గడిచింది. అయినా ఈ వీధిలో ఎవరింట్లో పెళ్లి ఉన్నా ముందు రోజు పొద్దున్నే నాకు కబురొస్తుంది. నాకు రాయాలని ఉన్నది ఆ కబురు గురించే, కానీ నీ తొందర చూస్తే ముందు కాగితాల సంగతి చెప్పక తప్పదు.

ఇండోనేషియాలో భూమికి మూలం 1960లో వచ్చిన చట్టం. పూర్తి యాజమాన్యాన్ని ఇక్కడ హాక్ మిలిక్ అంటారు. హాక్ అంటే మన హక్కే, రెండు భాషలకూ అరబ్బీ నుంచే వచ్చింది. ఆ హక్కు ఇండోనేషియా పౌరులకే ఉంటుంది. నీలాంటి, నాలాంటి విదేశీయులకు హాక్ పకాయ్ అని వాడుకునే హక్కు మాత్రం ఇస్తారు, ముందు 30 ఏళ్లు, పొడిగిస్తే 20, మళ్లీ 30. దానికి ఇమిగ్రేషన్ కాగితాలు కావాలి, పైగా విదేశీయుడు కొనే ఇంటికి కనీస ధర పెట్టారు. అది పల్లెటూరి ఇంటికి ఏమాత్రం పొసగని పెద్ద మొత్తం. కాబట్టి ఆ దారి నీకు పనికిరాదు.

ఇక నీకు ఎవరో చెప్పిన ‘నమ్మకస్తుడి పేరు మీద కొనుక్కోవడం’. దాన్ని మన ఊళ్లో ఏమంటామో నీకు తెలుసు, బినామీ. విదేశీయుడికి నేరుగా గానీ చాటుగా గానీ భూమి దక్కేలా చేసిన ఒప్పందం చెల్లదని, ఆ భూమి ప్రభుత్వానికి పోతుందని, ఇచ్చిన డబ్బు తిరిగి అడిగే వీలు లేదని ఆ చట్టంలోనే 26వ సెక్షన్‌లో రాసి ఉంది. మామయ్యతో పనిచేసిన ఒకాయన ఇలాగే చాలా మంచి మనిషి పేరు మీద ఇల్లు కొన్నాడు. ఆ మంచి మనిషి గుండెపోటుతో పోయాడు. ఆయన పిల్లలకు అది వాళ్ల నాన్న భూమి. వాళ్లు మోసం చేశారని నేను ఈ రోజుకీ అనను. మనవాడు కోర్టుకు వెళ్లాలంటే ముందు తన తప్పు తానే ఒప్పుకోవాలి. చివరికి రెండు సూట్‌కేసులతో వెళ్లిపోయాడు. వెళ్లే ముందు మా ఇంట్లో భోంచేశాడు, ఆ రోజు ఆయనతో ఏం మాట్లాడాలో మాకు తోచలేదు.

నీకున్న దారి ఒక్కటే, అమ్మాయి, అంటే మీ ఆవిడ, ఇండోనేషియా పౌరురాలు కాబట్టి ఆమె పేరు మీద కొనడం. అందులోనూ ఒక మెలిక ఉంది. పెళ్లి తర్వాత కొన్న ఆస్తి భార్యాభర్తలిద్దరిదీ అవుతుంది కాబట్టి అందులో నీ భాగం, అంటే విదేశీయుడి భాగం, ఉన్నట్టే లెక్క. అప్పుడు అమ్మాయికి కూడా హాక్ మిలిక్ దక్కదు. అందుకే ఆస్తులు వేరువేరని ఒప్పందం రాసుకోవాలి, దాన్ని ‘పిసా హర్తా’ అంటారు. ఇది పెళ్లికి ముందే రాసుకోవాలని ఒకప్పుడు రూలు ఉండేది. 2016లో ఇక్కడి రాజ్యాంగ కోర్టు పెళ్లయ్యాక కూడా రాసుకోవచ్చని తీర్పు ఇచ్చింది. నోటరీ దగ్గర రాయించి, పెళ్లి నమోదైన ఆఫీసులో ఎక్కించాలి. ఈ పని పూర్తయ్యే దాకా బయానా మాట ఎత్తకండి.

ఒప్పందం రాశాక ఆ నేల ఆమెది. నీది కాదు. డబ్బు నీదైనా సరే. రేపు ఆమెకేమైనా అయితే వారసత్వంగా నీకు వచ్చినా, ఏడాదిలోపు దాన్ని వదులుకోవాలి. పిల్లలు పుట్టి ఇండోనేషియా పౌరులుగా ఉంటే వాళ్లకు దక్కుతుంది. ఈ మాట నీకు చేదుగా అనిపిస్తే ఇప్పుడే, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. మన ఇళ్లలో ఆడపిల్ల పేరు మీద భూమి రాయడానికి ఎంతమంది మగవాళ్లు వెనకాడారో చూస్తూ పెరిగిన దాన్ని. నువ్వు మనస్ఫూర్తిగా చేస్తే నాకు సంతోషమే.

ఇప్పుడు ఆ స్థలం సంగతి. అమ్మే ఆయన దగ్గర ‘లెటర్ సే’ ఉంది, అది చాలన్నాడని రాశావు. అది చాలదు. లెటర్ సే, గిరిక్ అనేవి మన పాత శిస్తు రసీదుల్లాంటివి. పన్ను ఎవరు కట్టారో చెబుతాయి తప్ప భూమి ఎవరిదో తేల్చవు. 2021లో వచ్చిన నిబంధనలో ఇలాంటి పాత కాగితాలను రిజిస్టర్ చేయించుకోవడానికి 5 ఏళ్లు, అంటే 2026 ఫిబ్రవరి దాకా గడువు పెట్టారు. కాబట్టి సర్టిఫికెట్ తీసుకున్నాకే అమ్మమని ఆయనకు మర్యాదగా చెప్పండి. 2017 నుంచి ప్రభుత్వమే ఊరూరా కొలిచి సర్టిఫికెట్లు ఇచ్చే కార్యక్రమం నడిపింది, మా వీధిలో చాలామందికి అలాగే వచ్చాయి. సర్టిఫికెట్ చేతికొచ్చాక భూమి ఆఫీసులో, అంటే బే-పే-ఎన్‌లో, చెక్ చేయించాలి. మనం ఈసీ తీయించినట్టే. తాకట్టు ఉన్నా, వివాదం ఉన్నా అక్కడ బయటపడుతుంది. అమ్మకం దస్తావేజు పే-పే-ఆ-తే అనే అధికారి ముందే రాయాలి. ఆయన ఫీజు ఒక శాతం మించకూడదు. కొనేవాళ్లకు 5 శాతం పన్ను (కొంత మొత్తం మినహాయించాక), అమ్మేవాళ్లకు రెండున్నర శాతం. రెండూ నిన్నే కట్టమంటారు చాలాసార్లు, అది బేరంలో తేల్చుకో.

వారసుల విషయంలో మాత్రం మొహమాటపడకు. ఆ భూమి ఆయన తండ్రిదన్నావు. తోబుట్టువులు ఎందరో అడిగావా? జావా వాళ్లు బతుకుతెరువు కోసం సుమత్రాలోని లాంపుంగ్‌కి, జకార్తాకి ఎప్పుడో వలస పోయినవాళ్లు. ఊళ్లో ఒక్క అన్న కనిపిస్తాడు, నలుగురు చెల్లెళ్లు ఎక్కడో ఉంటారు. మా వెనక వీధిలో ఒక కొబ్బరితోట అలాగే అమ్ముడుపోయి, కొన్నవాళ్లు గోడ కట్టాక లాంపుంగ్ నుంచి ఒక చెల్లెలు వచ్చింది. ఆమె అరవలేదు, ఎవరినీ తిట్టలేదు. గోడ పక్కన చాప వేసుకుని కూర్చుంది, అంతే. మళ్లీ డబ్బు కట్టాల్సి వచ్చింది. అందరి సంతకాలూ కావాలి.

కొలతలు వాళ్లు ‘ఉబిన్’లలో చెబుతారు. ఒక ఉబిన్ సుమారు 14 చదరపు మీటర్లు, మన సెంటులో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ. 500 ఉబిన్‌లు ఒక ‘బావు’, దాదాపు ఎకరం ముప్పావు. కొలిచే రోజు నాలుగు పక్కల వాళ్లనూ పిలవండి. గట్టు తగాదాలు మన దగ్గర ఎలా ఉంటాయో ఇక్కడా అంతే, కాకపోతే ఇక్కడ గొంతు పెంచరు, అందుకే ఏళ్ల తరబడి సాగుతాయి.

స్థలం పొలాల అంచున అన్నావు కదా, అది ఇంటి స్థలమా, సావా (వరి మడి) కిందకి వస్తుందా చూడండి. మడి అయితే ఇల్లు కట్టడానికి అనుమతి తేలిగ్గా రాదు. పైగా పంట భూమి కొనే మనిషి ఆ మండలంలోనే నివాసం ఉండాలని పాత నిబంధన ఉంది, అమ్మాయి గుర్తింపు కార్డు ఏ అడ్రసులో ఉందో చూసుకోండి. ‘బెంకోక్’ అనే మాట వినిపిస్తే ఇక అడుగు ముందుకు వేయకండి. ఊరి ఉద్యోగులకు జీతం బదులు సాగు చేసుకోమని ఇచ్చిన ఊరి భూమి అది, మన కరణం మాన్యాల లాంటిది. అమ్మే హక్కు ఎవరికీ లేదు.

ఇల్లు కడితే పిల్లర్లు, బీములు లేకుండా కట్టకండి. 2006 మే 27 ఉదయం 6 కావస్తోంది, నేను పొయ్యి మీద పాలు పెట్టాను. ముందు నేల కింద లారీ వెళ్తున్నట్టు చప్పుడు వచ్చింది, తర్వాత గిన్నె దానంతట అదే అంచు దాకా జరిగింది. మామయ్య నన్ను చెయ్యి పట్టి వాకిట్లోకి లాగాడు. నిమిషం కూడా పట్టలేదు. ఎదురింటి ఇటుక గోడ ముక్కలైపోయింది, దుమ్ములో మనుషులు కనిపించలేదు. ఆ భూకంపంలో బంతుల్, క్లాతెన్ జిల్లాల్లోనే ఎక్కువ పోయారు, మొత్తం 5,700 మందికి పైగా. మా ఇంటి యజమానిది జావా పద్ధతిలో కట్టిన పాత జొగ్లో ఇల్లు, మధ్యలో నాలుగు టేకు స్తంభాలు. అది ఊగింది, పెంకులు రాలాయి, నిలబడింది. ఆ స్తంభాలను ఇప్పటికీ నేను రోజూ తుడుస్తాను.

మెరాపి కనిపించడం అందమే. కానీ 2010 చివర్లో అది పేలినప్పుడు 350 మందికి పైగా చనిపోయారు. బూడిద మా వాకిట్లో కూడా పడింది. ప్రమాద మండలాల మ్యాపు జిల్లా విపత్తుల ఆఫీసులో చూపిస్తారు. కొండ మీంచి వచ్చే వాగు పక్కన స్థలం అయితే చవకగా ఇచ్చినా వద్దు. వానల్లో ఆ వాగుల్లో బూడిద, రాళ్లు కలిసిన బురద వస్తుంది. దాన్ని ప్రపంచమంతా వాడే ‘లహార్’ అనే మాట ఈ జావా వాళ్లదే.

అందుకే ఆ స్థలాన్ని జనవరిలో ఒకసారి, సెప్టెంబర్‌లో ఒకసారి చూడమంటున్నాను. జనవరి వానలో గొడుగు వేసుకుని నిలబడితే నీళ్లు ఎటు పారుతున్నాయో తెలుస్తుంది. సెప్టెంబర్‌లో పక్కింటి బావిలో చేద వేస్తే తాడు ఎంత దిగుతుందో తెలుస్తుంది. రంజాన్ పండక్కి చూసి నిర్ణయించుకోకు. ఊరు వదిలి వెళ్లినవాళ్లంతా తిరిగొచ్చి ఆ వారం ఊరు కొత్త పెళ్లికూతురిలా ఉంటుంది.

ఈ మధ్యలో ఉండటానికి అద్దెకు తీసుకో. వచ్చిన రోజే పాక్ ఎర్‌తేని కలవాలి. ఎర్‌తే అంటే కొన్ని పదుల ఇళ్లకు ఒక పెద్ద. ‘అతిథులు 24 గంటల్లోపు తెలియజేయాలి’ అని వీధి మొదట్లోనే బోర్డు ఉంటుంది. అత్తారింట్లో దిగినా సరే, పాస్‌పోర్టు జిరాక్సు పట్టుకుని నువ్వే వెళ్లు. గుమ్మం దగ్గర ‘కులో నువున్’ అని పిలిచి, లోపలి నుంచి ‘మొంగ్గో’ అనే దాకా ఆగు. టీ ఇస్తారు, బాగా తియ్యగా, మల్లెపూల వాసనతో. ఆయన తాగమనే దాకా గ్లాసు ముట్టుకోకు.

ఇంటి ముందు గోడకు చిన్న డబ్బా వేలాడుతుంటుంది, చూసే ఉంటావు. ఒకప్పుడు అందులో గుప్పెడు బియ్యం వేసేవారు, ఇప్పుడు నాణెం వేస్తారు. రాత్రి గస్తీ తిరిగే మగవాళ్లు ఇల్లిల్లూ తిరిగి పోగుచేస్తారు. దీన్ని జింపితాన్ అంటారు. ఆ డబ్బుతో వీధి దీపం బాగవుతుంది, ఎవరైనా ఆస్పత్రిలో ఉంటే చూడటానికి వెళ్లేటప్పుడు పనికొస్తుంది. విలువ చిన్నదే కానీ, మీ డబ్బా ఖాళీగా ఉంటే వీధంతటికీ తెలుస్తుంది. గస్తీ వంతు నీకూ వస్తుంది. డబ్బు ఇచ్చి తప్పించుకోకు. గస్తీ గుడిసెలో తెల్లవారుజాము 2 గంటలకు కూర్చుంటేనే ఏ భూమికి ఎంతమంది వారసులో నీకు తెలిసేది.

నేను మొదట్లో చేసిన పొరపాటు చెబుతాను. పక్కింటి పెళ్లికి పట్టుచీర కట్టుకుని, కవరులో డబ్బు పెట్టుకుని వెళ్లి, అతిథుల కుర్చీలో కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. కాసేపటికి ఒక ముసలమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లింది. అక్కడ టార్పాలిన్ కింద ముప్ఫై మంది ఆడవాళ్లు, చిన్న పీటల మీద, కొబ్బరి కోరేవాళ్లు, అరటాకులు చీల్చేవాళ్లు. నా ఒళ్లో ఒక బుట్ట చిన్న ఉల్లిపాయలు, చేతిలో చాకు పెట్టింది. సాయంత్రం దాకా ఒలిచాను, చీర అంతా పొగ వాసన. దాన్ని రెవాంగ్ అంటారు. ఆ మర్నాటి నుంచి వీధిలో నన్ను ‘బు’ అని, అంటే అమ్మా అని పిలవడం మొదలైంది. అమ్మాయి ఆ ఊరి పిల్లే కాబట్టి ఆమెకు ఇవన్నీ తెలుసు. నువ్వు మగవాళ్ల వైపు కుర్చీలు మోసే పనిలో చేరు.

ఇంకొకటి. ‘ఇంగ్గిహ్’ అంటే అవును. కానీ నువ్వు స్థలం ఇస్తారా అని అడిగి ఇంగ్గిహ్ విని వచ్చేస్తే, అది ‘మీ మాట విన్నాం’ అని మాత్రమే అయ్యుండొచ్చు. కాదని ముఖాన చెప్పడం ఇక్కడ మర్యాద కాదు. రెండు రోజులాగి మీ మామగారి ద్వారా మళ్లీ అడిగించు. పెద్దలతో మాట్లాడే జావా భాష వేరు, దాన్ని క్రొమొ అంటారు. భయపడకు, అందులో ఇల్లు ‘గ్రియొ’, నీళ్లు ‘తొయొ’. మన గృహం, తోయం.

తిండికి ఇబ్బంది లేదు. దెలాంగు రాజలేలే బియ్యం మన జిల్లాదే, పులియబెట్టిన సోయా గింజల టెంపె ఉంది, ఉడికిన కూరల మీద వేరుశెనగ పచ్చడి వేసే పెచెల్ ఉంది. శాకాహారం కావాలంటే సాంబల్‌లో (మిరప పచ్చడిలో) ‘తెరాసి’ వద్దని చెప్పు, అది రొయ్యల ముద్ద.

జనవరి రెండో వారంలో ఇద్దరూ రండి, వెనక గది ఖాళీగానే ఉంది. బే-పే-ఎన్ ఆఫీసుకు నేనూ వస్తాను, అక్కడి క్యూ నాకు అలవాటే. పాస్‌పోర్టు జిరాక్సులు నాలుగు తీయించుకో, పెళ్లి సర్టిఫికెట్ అసలుది తీసుకురా. చింతపండు తేవొద్దు, దాన్ని ఇక్కడ ‘ఆసమ్ జావా’ అంటారు, అంటే జావా పులుపు, సంతలో కుప్పలు పోసి అమ్ముతారు. ఇంగువ డబ్బా ఒకటి, వీలైతే పెసర అప్పడాలు తీసుకురా. మామయ్య అడగమన్నాడు.

మీ అత్తయ్య