మా మామ్మ జీడితోట డబ్బు

చదువూ ఉద్యోగమూ లేని పాతతరం ఆడవాళ్లు అంత పెద్ద సంసారాలను ఎలా లాక్కొచ్చారు, మీ ఇంట్లో అలాంటివాళ్లు ఉన్నారా అన్నది ప్రశ్న. ఈ మాట వస్తే చాలామంది ఓర్పు, త్యాగం అంటారు. మా మామ్మకి ఓర్పు అంతంతమాత్రమే. త్యాగం సంగతి సరేసరి, చేపల పులుసులో తలకాయ ఎవరికీ ఇచ్చేది కాదు. ఆవిడ ఇంటిని నడిపింది తనదంటూ వేరే డబ్బు ఉండటం వల్ల. దాన్ని ఇంటి డబ్బులో ఎప్పుడూ కలవనివ్వలేదు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి దగ్గర పల్లెటూరు. మామ్మ అంటే మా నాన్న వాళ్లమ్మ. 2021లో పోయింది. ఆధార్ కార్డులో అందరు ముసలివాళ్లకీ రాసినట్టే జనవరి 1 అని పుట్టినరోజు రాసేశారు, ఆ లెక్కన 86 ఏళ్లు. కానీ రంగూన్ మీద బాంబులు పడేసరికి తనకి పన్నెండో పదమూడో అనేది. అది 1941 డిసెంబరు. అంటే తొంభై దాటినట్టే. ఆ సంగతి అంత గట్టిగా ఎందుకు గుర్తుందంటే, అప్పుడు వాళ్ల నాన్న అక్కడే కూలిపనిలో ఉన్నాడు. ఈ ప్రాంతం నుంచి ఎందరో అలా బర్మా వెళ్లినవాళ్లే. ఆయన కొండలూ అడవులూ పడి నడిచి, నెలల తర్వాత గుర్తుపట్టలేనట్టు తయారై ఇల్లు చేరాడట. అంతకుముందు పంపిన డబ్బుతో కొన్న ఎకరం ముప్పావు ఇసక నేలని మామ్మకి పెళ్లిలో పసుపు కుంకుమ కింద ఇచ్చాడు.

అత్తవారింట్లో ఆ నేలని ఎవరూ లెక్కచేయలేదు. అందులో జీడి మొక్కలు వేసింది, కడవతో నీళ్లు మోసింది మామ్మే. కాపు మొదలయ్యాక మాత్రం అందరికీ ఆ తోట మీద ప్రేమ పుట్టుకొచ్చింది. తాతయ్య ఒకసారి ఆ డబ్బు అడిగితే అప్పుగా ఇచ్చి, పంట ఇంటికొచ్చాక వసూలు చేసుకుందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

ఆవిడ వ్యాపారం ఎలా ఉండేదంటే, ఎండాకాలంలో పొద్దున్నే రాలిన పళ్లు ఏరించి, పిక్కలు విడదీసి, రెండు మూడు రోజులు ఎండబెట్టేది. బొటనవేలి గోరుతో నొక్కి చూసేది. గోరు దిగితే ఇంకా పచ్చి ఉన్నట్టు, మళ్లీ ఎండలోకే. మా వైపు పిక్కల బేరం 80 కేజీల బస్తా లెక్కన సాగుతుంది. కూలీలకి ఇవ్వాల్సినంత మటుకు వెంటనే అమ్మేసి, మిగతా బస్తాలు ధర పెరిగేదాకా అటక మీద పెట్టేది. సీజన్‌లోనే అమ్మేసుకునే మగవాళ్లని చూసి, "ఆళ్లకేటి తొందర, పిక్కలకి కాళ్లొచ్చి పారిపోతాయా?" అనేది. పలాస నుంచి వచ్చే వ్యాపారి మా తాతయ్యతో పావుగంటలో బేరం తేల్చుకుని, మామ్మ దగ్గర మాత్రం టీ తాగి, భోజనం చేసి, ఒక్కోసారి బేరం కుదరకుండానే వెళ్లేవాడు. ఆవిడకి అక్షరం రాదు. లెక్కలు నా చేత రాయించి, చివర్లో మొత్తం ఎంతయిందో అడిగేది. అప్పటికే మనసులో వేసుకున్న అంకెతో సరిపోతే సరే, లేదంటే మొదటి నుంచీ మళ్లీ కూడమనేది. ఎక్కువసార్లు పొరపాటు కాగితం మీదే ఉండేది.

నాకు అన్నిటికంటే నచ్చేది కోడళ్ల సంగతి. ఉమ్మడి తోటలో కొబ్బరి చెట్ల మధ్య పనస చెట్లు ఉంటాయి. కొత్త కోడలు వచ్చిన ఏడాదే ఒక చెట్టు చూపించి, "ఈ కాయ నీది. నీ మొగుడికి కూడా నెక్క సెప్పక్కర్నేదు" అనేది. ముగ్గురు కోడళ్లకి మూడు చెట్లు. కాయలు బరంపురం వెళ్లేవి. మా అమ్మ ఆ డబ్బు కూడబెట్టి కుట్టుమిషను కొనుక్కుంది. ఇంటర్‌లో నా ఫీజు కట్టింది ఆ మిషనే. మా పిన్ని చీరలు కొనుక్కుంది, దానికీ మామ్మ ఒక్క మాట అనలేదు.

బాబాయికి కిడ్నీలు పాడైనప్పుడు జీడితోట డబ్బు నీళ్లలా అయిపోయింది. ఉద్దానంలో ఈ జబ్బు లేని వీధి దొరకడం కష్టం. ఎందుకొస్తోందో గట్టిగా తేలలేదు. దగ్గర్లో డయాలిసిస్ లేని రోజుల్లో సోంపేట స్టేషన్‌లో రైలెక్కి విశాఖ వెళ్లొచ్చేవాళ్లు. ఛార్జీలు, మందులు, తోడు వెళ్లేవాళ్ల తిండి, అన్నీ మామ్మే చూసింది. బాబాయి బతకలేదు. ఆ రోజుల గురించి ఆవిడ మాట్లాడేది కాదు, నేనూ ఎక్కువ రాయను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటింది. పొద్దున్న తలుపు తీస్తే కొబ్బరితోట మొత్తం నేల మీద పడుంది. మగవాళ్లు అరుగుల మీద తలపట్టుకుని కూర్చున్నారు. కరెంటు రోజుల తరబడి లేదు, మోటార్లు తిరగవు, తాగడానికి నీళ్లు లేవు. పాత నేలబావి చేద, చాంతాడు మామ్మ ఇంకా దాచే ఉంచింది. పారేయమని అంతకుముందు మేమంతా గొడవపెట్టినవాళ్లమే. వీధి వీధంతా వాటి కోసం వచ్చింది. ఇచ్చేముందు, "తాడు తడిగా ఒగ్గీకండి, పుచ్చిపోద్ది" అని ప్రతివాళ్లకీ చెప్పడం మాత్రం మానలేదు. ఆ తర్వాత పడిపోయిన మట్టలు అరుగు మీదకి లాగించుకుని ఈనెలు చీరడం మొదలుపెట్టింది. చీపుర్లు కట్టి అమ్మింది. వాటితో వచ్చింది ఎంతని అడిగితే ఏం చెప్పను, పోయినదానిలో అది ఏ మూలకీ రాదు. కానీ నాలుగు రోజులకి పక్కింటి ఆడవాళ్లు కూడా కత్తిపీటలు పట్టుకుని వచ్చి కూర్చున్నారు. మా ఇంటి అరుగు మీద మళ్లీ మాటలు వినపడ్డాయి.

మామ్మలో తప్పులు లేవని కాదు. మగపిల్లలకి గుడ్డు, మాకు పులుసు అన్న లెక్క ఆవిడ దగ్గర చివరిదాకా ఉంది. కోపం వస్తే రెండు మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడేది కాదు, వంట మాత్రం చేసేది, అదీ ఉప్పెక్కువేసి.

పోవడానికి రెండేళ్ల ముందు ఎవరికీ చెప్పకుండా ఆటో మాట్లాడుకుని రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లి, జీడితోట ఇద్దరు కూతుళ్ల పేర రాయించేసింది. మా అత్తలతో నాన్న చాలాకాలం సరిగ్గా మాట్లాడలేదు. అత్తలిద్దరూ ఉండేది ఖరగ్‌పూర్‌లో, ఇప్పుడు ఆ తోట కాపలా, పిక్కలు ఏరించడం, వ్యాపారితో బేరం అన్నీ నాన్నే చూస్తున్నారు. అత్తలు ఆయనకి కూలి లెక్కగట్టి పంపుతారు. ఆయన తీసుకుంటున్నారు కూడా.