లేమిలో ఉన్న విశ్వాసి కూడా ఇవ్వాలా?

తన ఇంటికే చాలని రోజుల్లో విశ్వాసి ఇతరులకు ఇవ్వాలా అన్న ప్రశ్నకు బైబిల్లో అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయం సూటిగా జవాబిస్తుంది. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం చందా పోగవుతున్నప్పుడు, తామే శ్రమల్లోనూ నిరుపేదతనంలోనూ ఉన్న మాసిదోనియ సంఘాలవారు తామూ అందులో పాలుపంచుకుంటామని పౌలును బతిమాలి మరీ ఇచ్చారు. మొదట తమను తాము ప్రభువుకు అప్పగించుకున్నారు గనుక రేపటి భయం వారిని ఆపలేదు.

అయితే చాలామంది దాటవేసే మాట ఒకటి అదే అధ్యాయంలో ఉంది. కలిగినదాన్ని బట్టి ఇవ్వాలే గాని లేనిదాన్ని బట్టి కాదనీ, ఇతరులకు తేలిక చేసి మీకు భారం కలిగించడం తన ఉద్దేశం కాదనీ పౌలు స్పష్టంగా చెప్పాడు. కాబట్టి అప్పు తెచ్చయినా కానుక వేయమని, వేస్తే రెట్టింపు వస్తుందని ఒత్తిడి చేసే బోధకు ఇక్కడ ఆధారం లేదని గట్టిగా చెప్పగలను.

మిజోరాం క్రైస్తవ స్త్రీలు 1910 ప్రాంతం నుంచి పాటిస్తున్న పద్ధతి నాకు ఈ అధ్యాయానికి చాలా దగ్గరగా కనిపిస్తుంది. వంట చేసే ప్రతిసారీ, ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే పాత్రలో వేస్తారు. అలా ఇంటింటా పోగైన బియ్యాన్ని అమ్మగా వచ్చిన సొమ్ము సంఘ పరిచర్యకు వెళుతుంది. చేతిలో నగదు ఆడని ఇల్లాలు కూడా అందులో పాలుపంచుకోగలిగింది.