పెళ్లి క్యాసెట్లకు ఎస్-వీహెచ్‌ఎస్ డెక్ కొనాలా?

ప్రశ్న: మా పెళ్లి క్యాసెట్లు మూడు, మామూలు వీహెచ్‌ఎస్‌వి. కంప్యూటర్లోకి ఎక్కించాలి. టీబీసీ (టైమ్ బేస్ కరెక్టర్, అంటే బొమ్మ వణుకు సరిచేసే సర్క్యూట్) ఉన్న సెకండ్ హ్యాండ్ ఎస్-వీహెచ్‌ఎస్ (వీహెచ్‌ఎస్‌కు మెరుగైన రకం) డెక్, అంటే క్యాసెట్ ప్లేయర్, అమ్మకానికుంది. బొమ్మ స్పష్టత 400 గీతలకు పెరుగుతుందంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: పెరగదండి. 1987లో జేవీసీ తెచ్చిన ఎస్-వీహెచ్‌ఎస్‌లో సుమారు 400 గీతలు వస్తాయి గానీ, ఆ పద్ధతిలో రికార్డు చేసిన టేపుకే. మీ క్యాసెట్లో ఉన్నది 240 దాకానే. అయినా డెక్ కొనదగ్గదే. పాత టేపులో బొమ్మను గీసే ఒక్కో అడ్డగీత కొంచెం ముందూ వెనకా వస్తుంది. పందిరి గుంజలు వంకర్లు పోయేది అందుకే. టీబీసీ ప్రతి అడ్డగీతనూ మెమరీలో పట్టి సరైన సమయానికి వదులుతుంది. టేపు బాగా దెబ్బతిన్నచోట మాత్రం అదే బొమ్మను ఎగరేస్తుంది, అక్కడ టీబీసీని ఆపేయండి. ఎస్-వీడియో వైరే వాడండి: వెలుగు, రంగు విడిగా వెళ్లి, పట్టుచీర జరీ అంచున పాకే చుక్కలు పోతాయి.

అమెరికా నుంచి తెచ్చిన డెక్ వద్దు; అది సాధారణంగా 110 వోల్టులది, అక్కడి వీడియో పద్ధతి ఎన్‌టీఎస్‌సీది. మనవి పాల్ అనే వేరే పద్ధతి టేపులు. కొనేముందు డెక్‌ను పరీక్షించడానికి, పోయినా ఫర్వాలేని క్యాసెట్ వేసి, ముందుకూ వెనక్కూ పూర్తిగా తిప్పించండి.

అన్నిటికన్నా ముఖ్యం బూజు. క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్టమీద తెల్లటి పొర కనిపిస్తే అస్సలు వేయొద్దు; టేపును చదివే హెడ్లకు అంటి మిగతా రెండు క్యాసెట్లకూ పాకుతుంది. హెడ్లు తుడవాలంటే ప్లగ్ తీసి, షామీ తోలును (మెత్తటి తోలుగుడ్డ) 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, హెడ్లు అమర్చి ఉండే గుండ్రటి డ్రమ్ముకు కదలకుండా ఆనించి, డ్రమ్మునే చేత్తో తిప్పండి. పైకీ కిందకీ రుద్దితే హెడ్ విరుగుతుంది. దూది వాడితే పోగులు చిక్కుకుంటాయి.