మారుతి వ్యాన్ డైనమో నేనే మార్చుకుంటా అన్న మా అల్లునికి

అల్లుడా,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేసినప్పుడు పెండ్లిలో ఉంటి, మేళం మోతలో సగం వినపడలా, అందుకే ఇప్పుడు తీరిగ్గా కూర్చోని రాస్తాండా. ఓమ్నీలో మీటర్ దగ్గర బ్యాటరీ బొమ్మ ఎర్ర లైటు ఆరడం లేదు, డైనమో, అదే ఇంజన్ నడిచేటప్పుడు బ్యాటరీకి ఛార్జింగ్ ఇచ్చేది, పోయిందని మెకానిక్కులు అంటాండారు, సీటు కింద చెయ్యి పట్టదు ఇంజన్ దించాల అంటాండారు, అంత డబ్బు యాడిది మామా నేనే చేసుకుంటా అంటివి. చేసుకో. ఇంజన్ దించే పనేం లేదు, వాళ్లకు పని ఎక్కువ కనపడితే రేటు ఎక్కువ పలుకుతుంది, అంతే.

కానీ అది పోయిందని ముందు నువ్వు చూసుకో. చేతికి అందే పార్టయితే తప్పుగా తీసినా మళ్లీ బిగించుకోవచ్చు, ఇది అట్ల కాదు, సగం పొద్దు వెల్లకిలా పడుకోని తీసి కొత్తది పెట్టి స్టార్ట్ చేస్తే ఆ ఎర్ర లైటు అట్లే ఎలుగుతాంటే ఎట్లుంటుందో నాకు తెలుసు. పని నేర్చుకునే రోజుల్లో ఒక పెండ్లోళ్ల వ్యాన్‌కి డైనమో మార్చి డబ్బులు కూడా తీసుకుంటి, అనంతపురం నుంచి గుత్తికి పోతా పామిడి కూడా దాటలా, ఆగిపాయ. పోయి చూస్తే ఇంజన్‌కీ బాడీకీ మధ్య కరెంటు తిరిగి పోయే ఎర్తు పట్టీ తుప్పు పట్టి రెండు పోగుల మీద ఏలాడతాంది. పెండ్లికొడుకు నాయిన నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తుండాయి.

అందుకని ఒక మల్టీమీటర్ కొనుక్కో, చవకది చాలు. రాత్రంతా నిలబెట్టిన బండికి పొద్దున్నే బ్యాటరీ మీద పెట్టి చూడు, బాగుంటే 12.6 ఓల్టులు దగ్గర చూపిస్తుంది. స్టార్ట్ చేసి కొంచెం రేస్ ఇచ్చి మళ్లీ చూడు, 13.8 నుంచి 14.5 లోపల ఉంటే డైనమో తన పని తాను చేస్తాంది, దాని జోలికి పోవద్దు. స్టార్ట్ చేసినాక కూడా 12 చిల్లర దగ్గరే ఉండి మెల్లగా దిగుతాంటే ఛార్జింగ్ రావడం లేదని. 15 దాటితే లోపల ఓల్టేజ్‌ను అదుపులో పెట్టే రెగ్యులేటర్ పోయింది, అట్ల వదిలేస్తే బ్యాటరీని ఉడకబెడుతుంది.

ఛార్జింగ్ రాకపోతే అప్పుడు కూడా పానా పట్టుకోవద్దు. హెడ్‌లైట్లు వేసి ఇంజన్ నడుస్తాండంగా మీటర్ ఒక కొస డైనమో వెనకాల లావు వైరు బిగించిన బోల్టు మీద, ఇంకో కొస బ్యాటరీ ప్లస్ మీద పెట్టు. చెయ్యి బెల్టుకు దూరంగా పెట్టుకో, అంగీ చేతులు మడుచుకో. అర ఓల్టు కంటే ఎక్కువ చూపిస్తే తప్పు ఆ వైరుదే. అట్లే డైనమో బాడీకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య చూడు, అక్కడ ఎక్కువ చూపిస్తే ఎర్తు బాగలేదని. ఇంకోటి, తాళం తిప్పి స్టార్ట్ చెయ్యకముందు ఎర్ర లైటు ఎలగాల. నీకు ఎలుగుతాంది కాబట్టి సరే, అస్సలు ఎలగకపోతే బల్బో దాని వైరో పోయిందేమో చూడాల, ఆ బల్బు గుండా పోయే కరెంటుతోనే డైనమో లేస్తుంది, బల్బు మాడిపోయినందుకు డైనమో మార్చినోళ్లను నేను చూసినా.

ఆ లైటుతో పాటు వేడి ముల్లు కూడా పైకి ఎక్కితే అక్కడికక్కడే ఆపెయ్, బెల్టు తెగిందని అర్థం. డైనమోను తిప్పే బెల్టే వాటర్ పంపును కూడా తిప్పుతుంది, ఇంకో రెండు కిలోమీటర్లే కదా అని లాగిస్తే వేడికి ఇంజన్ హెడ్డు పోతుంది.

మీ ఊర్లో ఎవడో ఒకడు చెప్తాడు, ఇంజన్ నడుస్తాండంగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూడు, ఆగిపోకపోతే డైనమో బాగున్నట్లు అని. ఆ పని మాత్రం చెయ్యొద్దప్పా. పీకినప్పుడు ఓల్టేజ్ ఎగదన్ని డైనమో లోపలి డయోడ్లు పోతాయి, నీది ఇంజెక్షన్ బండి కదా, దాని కంప్యూటర్‌కి కూడా ఎసరే. కార్బ్యురేటర్ బండ్ల కాలంలో మేమూ చేసినాం, బాగుండేటివి ఎన్ని చెడగొట్టినామో లెక్క లేదు.

సరే, అన్నీ చూసినావు, డైనమోనే పోయింది అనుకుందాం. తాడిపత్రిలో ఇది త్వరగా పోవడం వింతేం కాదు, నువ్వు తిరిగేది బండల పాలిష్ ఫ్యాక్టరీల మధ్య, ఆ దుమ్ము డైనమో చిల్లుల్లో నుంచి లోపలికి పోయి కార్బన్ బ్రష్‌లను అరగదీస్తుంది. బ్రష్‌లో బేరింగో అయితే తీసినాక వైరింగ్ అతని దగ్గర వేయించు, లోపలి రాగి తీగ చుట్ట మాడిపోయి కాలిన వాసన వస్తాంటే కొత్తది కొను. స్క్రాప్‌లో చవగ్గా వస్తుందని తేవద్దు, చెయ్యి పట్టని చోట రెండోసారి పని చెయ్యాలంటే ఎవరికీ ఓపిక ఉండదు. కొత్తది తెచ్చేటప్పుడు పాతది పట్టుకోనే షాపుకి పో, రెండూ పక్కపక్కన పెట్టి బోల్టులు దూరే చెవుల మధ్య ఎడం, పుల్లీ గాడి, వైరు పిన్ను, ఆంపియర్లు చూసుకో.

పని చెయ్యడానికి ఆదివారం తెల్లారుజామున దిగు. బండి రాత్రంతా చల్లారి ఉండాల, ఇంజన్ సీటు కిందే ఉంటుంది కాబట్టి వేడి యాడికీ పోదు, ఎండాకాలంలో పది దాటితే ఇనుము పట్టుకోలేవు. ముందు బ్యాటరీ మైనస్ తీసి పక్కకు పెట్టు, తర్వాతే ఏదైనా, ఆ లావు వైరులో తాళం తీసినా కరెంటు ఉంటుంది. ఉంగరం, వాచీ తీసెయ్. నా ఎడమ చెయ్యి ఉంగరపు వేలు చుట్టూ మచ్చ ఉంటుంది చూడు, నువ్వు చిన్నప్పుడు ఏంది మామా అది అని అడుగుతాంటివి, అది ఇట్ల ఉంగరం తీయక కాలిందే.

ఇంకోటి, ఇది మీ ఊరికే చెప్తాండా. బండి ఎత్తి కింద నాపరాళ్లు పేర్చొద్దు. తాడిపత్రిలో ఇంటి ముందర ఊరికే పడుంటాయి కదా అని చెయ్యి దానిమీదకే పోతుంది, కానీ అది పొరలు పొరలుగా ఉండే రాయి, బరువు ఒక మూల పడిందంటే పటుక్కుమని పగులుతుంది, కింద నువ్వు ఉంటావు. లావు కట్టె దిమ్మెలో, స్టాండులో పెట్టు, వెనక చక్రాలకు అడ్డం పెట్టు, ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరొద్దు.

సీటు ఎత్తి మూత తీస్తే పై నుంచి కొంత కనపడుతుంది, మిగతాది కింద నుంచే. రెండు దిక్కులా చూసి ఫోన్‌లో ఫోటోలు తీసుకో, వైరు ఎట్ల పోయింది, వాషర్ యాడుంది అని. డైనమోకి ఒక పక్క పొడుగు బోల్టు ఉంటుంది, ఇంకో పక్క గాడి ఉన్న పట్టీ, బెల్టు టైటు చేసేది ఆ పట్టీలోనే. ముందు రోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి పెట్టు. 10, 12, 14 రింగు పానాలు, పొట్టి రాడ్డు ఉన్న గూటి పానా ఉంటే చాలు. కంటికి కనపడదు కాబట్టి వేలితో తడిమి బోల్టు తల యాడుందో మనసులో బొమ్మ గీసుకోని పానా పెట్టు, ఊరికే తోసి తలలు గుండ్రం చేసినావంటే అప్పుడు నిజంగానే ఇంజన్ దించాల్సి వస్తుంది. కింద పాత దుప్పటి పరుచుకో, నట్టు పడితే దొరుకుతుంది.

డైనమో బయటికి తిప్పి తీసేటప్పుడు బలం వద్దు, ఎటు తిప్పితే వస్తుందో అటు రెండు మూడు సార్లు చూడు. వచ్చినాక ఆ సందు మళ్లీ దొరకదు, బెల్టు పగుళ్లు తేలి ఉంటే కొత్తది వేసెయ్, వాటర్ పంపు పుల్లీని చేత్తో ఊపి చూడు, నీళ్ల పైపులు నొక్కి చూడు.

కొత్తది ఎక్కించేటప్పుడు చానా మందికి ఇక్కడే తల తిరుగుతుంది, చెవి పట్టీలో పట్టదు. చెవి లోపల చిన్న ఇనుప బుష్ ఉంటే పాత బోల్టు టైటుకు అది ముందుకు జరిగి ఉంటుంది, కొత్తదాన్లో దాన్ని కొంచెం వెనక్కి కొట్టుకుంటే జారిపోతుంది, సుత్తితో డైనమోను బాదొద్దు, అల్యూమినియం, చిట్లిపోతుంది. అన్ని బోల్టులూ ముందు వేళ్లతోనే ఎక్కించు, ఒకటి పూర్తిగా బిగించి ఇంకోటి ఎక్కిద్దాం అనుకుంటే గాడి కలవదు. లావు వైరు నట్టు మితంగా బిగించు, దాని రబ్బరు మూత మర్చిపోవద్దు. బెల్టు టైటుకి కట్టె పిడి పెట్టి డైనమోను లాగు, బొటనవేలితో నడిమధ్య గట్టిగా నొక్కితే ఒక సెంటీమీటర్ దిగాల, అంతకంటే బిగువైతే డైనమో బేరింగూ వాటర్ పంపు బేరింగూ రెండూ పోతాయి, వదులైతే కీచుమంటుంది.

ఖాళీ అయిన బ్యాటరీని బయట ఛార్జ్ చేయించి పెట్టు, కొత్త డైనమో మీద మొదటి రోజే అంత భారం వెయ్యొద్దు. స్టార్ట్ చేసినాక మళ్లీ మీటర్ పెట్టి చూసి ఆ అంకె నాకు ఫోన్‌లో చెప్పు. రెండొందల కిలోమీటర్లు తిరిగినాక బెల్టు ఇంకోసారి చూడు, కొత్త బెల్టు కొంచెం సాగుతుంది.

ఆదివారం నేను ఇంట్లోనే ఉంటా, ఇరుక్కుంటే వీడియో కాల్ చెయ్, మీ అత్త టీ పెట్టే లోపల చూసి చెప్తా. అమ్మకు చెప్పు, ఆ పొద్దు కొత్త చొక్కా ఇవ్వొద్దని.

మీ మామ